బిడ్డ పడుకున్నాక అమ్మకు నిద్ర పడుతోందా?



మన ఇళ్ళలో ఆడపిల్ల నెల తప్పిందన్న కబురు తెలిస్తే చాలు, అందరూ అడిగే ప్రశ్నలు కొన్ని ఉంటాయి. వాంతులు అవుతున్నాయా? ఏం తినాలనిపిస్తోంది? ఎన్నో నెల? పురుడు పోసుకున్నాక ఆ ప్రశ్నలు మారతాయి. పాలు పడ్డాయా? బిడ్డ ఎంత బరువు పుట్టింది? రాత్రిళ్ళు ఏడుస్తోందా? ఆసుపత్రికి వెళితే బరువు చూస్తారు, బీపీ చూస్తారు, రక్తం తీస్తారు, స్కాన్ చేస్తారు. ఇవన్నీ కావలసినవే. కానీ కడుపుతో ఉన్న ఆ తొమ్మిది నెలల్లో, కాన్పయ్యాక మరో ఏడాదిలో, ‘నీ మనసు ఎలా ఉందమ్మా, దేనికైనా భయపడుతున్నావా’ అని అడిగేవాళ్ళు మాత్రం చాలా తక్కువ. నేను మానసిక వైద్యురాలిని. గర్భిణులకూ బాలింతలకూ వచ్చే ఆందోళన గురించి, దాన్ని ఎలా గుర్తుపట్టాలో, గుర్తుపట్టాక ఏం చేయాలో ఈ రోజు మీతో చెబుతాను.

ఇది ఎక్కడో ఒకరిద్దరికి వచ్చే బాధ కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం మనలాంటి వర్ధమాన దేశాల్లో గర్భిణులలో నూటికి 15 మందికి పైగా, ప్రసవించిన స్త్రీలలో నూటికి దాదాపు 20 మంది ఏదో ఒక మానసిక సమస్యతో బాధపడుతున్నారు. వాటిలో ఎక్కువగా కనిపించేవి దిగులు, ఆందోళన. కాన్పు తరవాత వచ్చే దిగులు గురించి ఇప్పుడిప్పుడే కొంత మాట్లాడుకుంటున్నాం. ఆందోళన సంగతి ఇంకా వెనకబడే ఉంది. దానికి కారణం ఉంది. దిగులుపడిన తల్లి మంచం దిగదు, తిండి మానేస్తుంది, బిడ్డ వైపు చూడదు. ఇంట్లోవాళ్ళకు ఏదో తేడాగా ఉందని తెలుస్తుంది. ఆందోళనలో ఉన్న తల్లి అలా కాదు. ఆమె అన్ని పనులూ చేస్తుంది, అవసరానికి మించి చేస్తుంది. బిడ్డ సీసా నాలుగుసార్లు ఉడకబెడుతుంది. పొద్దస్తమానం బిడ్డ నుదురు ముట్టుకుని చూస్తుంది. ఎవరినీ బిడ్డను ఎత్తుకోనివ్వదు. చూసినవాళ్ళు ‘అబ్బ, ఎంత జాగ్రత్త గల పిల్లో’ అని మెచ్చుకుంటారు. ఆ మెప్పు చాటున ఆమె లోపల ఎంత నలిగిపోతోందో ఎవరి కంటా పడదు.

అందుకే ముందుగా మామూలు భయానికీ, వైద్యం అవసరమైన ఆందోళనకీ తేడా చెప్పుకుందాం.

కడుపులో ఒక ప్రాణాన్ని మోస్తున్నప్పుడు భయం ఉండడం సహజం. అయిదో నెలలో టిఫా స్కాన్‌కి వెళ్ళిన అమ్మాయిని చూడండి. బయట బెంచీ మీద, చేతిలో ఫైలు పట్టుకుని, నీళ్ళ సీసా ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటుంది. పేరు పిలిచేదాకా గుండెలు అరచేతిలోనే ఉంటాయి. డాక్టరమ్మ చూసి ‘గుండె, వెన్నెముక, కాళ్ళు, చేతులు అన్నీ బాగున్నాయి’ అనగానే హమ్మయ్య అనుకుంటుంది. భర్తతో కలిసి బయట ఇడ్లీ తిని, పుట్టింటికి ఫోన్ చేసి, ఇంటికి వెళ్ళి హాయిగా పడుకుంటుంది. ఇది మామూలు భయం. రావలసినప్పుడు వచ్చింది, సమాధానం దొరకగానే పోయింది.

అదే బెంచీ మీద ఆమె పక్కన ఇంకో అమ్మాయి ఉందనుకోండి. ఆమెకూ అన్నీ బాగున్నాయనే చెప్పారు. ఆ ఊరట ఆటో ఎక్కేదాకానే. దారిలోనే అనుమానం మొదలవుతుంది. డాక్టరు తొందరలో సరిగ్గా చూశారో లేదో. గుండె దగ్గర అంతసేపు ఎందుకు ఆగారో. రిపోర్టు ఫోటో తీసి తెలిసినవాళ్ళందరికీ పంపుతుంది. అర్ధరాత్రి అందులోని ఒక్కొక్క మాటా ఫోన్‌లో వెతుకుతుంది. తెల్లారి ఇంకోచోట మళ్ళీ స్కాన్ తీయించుకుందామని భర్తను బతిమాలుతుంది. ఎంతమంది ఎన్ని విధాల ధైర్యం చెప్పినా ఆ భయం వదలదు. ఒకటి తీరితే ఇంకొకటి పుట్టుకొస్తుంది. ఇది ఆందోళన.

దీనికి మూడు గుర్తులు చెబుతాను. ఒకటి, ధైర్యం చెప్పినా నిలవకపోవడం. రెండు, ఆ కంగారు రెండు వారాలకు మించి, దాదాపు రోజూ, రోజులో ఎక్కువసేపు ఉండడం. మూడు, తిండికీ నిద్రకీ పనికీ అడ్డం రావడం.

డాక్టర్లూ నర్సులూ దీన్ని పట్టుకోవడానికి రెండు ప్రశ్నలు అడుగుతారు. ఇవి ఇంట్లో కూర్చుని మీకు మీరే వేసుకోవచ్చు. గడిచిన రెండు వారాల్లో, గుండెల్లో గుబులుగా, కంగారుగా, స్థిమితం లేకుండా ఎన్ని రోజులు అనిపించింది? ఇది మొదటి ప్రశ్న. చింత పడకుండా ఉండాలనుకున్నా ఆపుకోలేకపోవడం ఎన్ని రోజులు జరిగింది? ఇది రెండో ప్రశ్న. అసలు లేదంటే సున్నా. కొన్ని రోజులైతే ఒకటి. సగం రోజులకు పైగా అయితే రెండు. దాదాపు రోజూ అయితే మూడు. రెండు ప్రశ్నలకూ వచ్చిన అంకెలు కలిపితే మూడు గానీ అంతకు మించి గానీ వచ్చిందంటే, ఒకసారి డాక్టరుతో మాట్లాడాలి. అంకె వచ్చినంత మాత్రాన జబ్బు ఉన్నట్టు కాదు. ఇంకొంచెం వివరంగా చూడాలని మాత్రమే దాని అర్థం.

ఇక ఒంట్లో కనిపించే లక్షణాలు. మన ఆడవాళ్ళు ‘నాకు ఆందోళనగా ఉంది’ అని చెప్పుకోరు. ‘గుండె దడదడలాడుతోంది’ అంటారు. ‘ఊపిరి అందట్లేదు, కడుపులో దేవినట్టుంది, కాళ్ళూ చేతులూ చల్లబడిపోతున్నాయి, తల దిమ్ముగా ఉంది, గొంతులో ఏదో అడ్డం పడినట్టుంది’ అంటారు. కొందరికి ఉన్నట్టుండి ఇవన్నీ ఒక్కసారే ముంచుకొస్తాయి. చెమటలు పట్టి, ప్రాణం పోతుందేమోనన్నంత భయం వేస్తుంది. పది నిమిషాల్లో తారస్థాయికి చేరి, ఆ తరవాత మెల్లగా తగ్గుతుంది. దీన్నే పానిక్ అటాక్ అంటారు. పక్కనున్నవాళ్ళు చూసి గాలి సోకిందనో, దిష్టి తగిలిందనో అనుకుంటారు. దిష్టి తీసుకుంటే తీసుకోండి, కాదనను. దానితో ఆగిపోకుండా డాక్టరుకు కూడా చూపించండి.

ఇక్కడ ఒక ముఖ్యమైన హెచ్చరిక. ఈ లక్షణాలన్నీ మనసు వల్లే వస్తాయని మనకు మనమే తీర్మానించుకోకూడదు. మన రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ గర్భిణులలో సగం మందికి పైగా రక్తహీనత ఉందని 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది. రక్తం తక్కువైతే గుండె దడ వస్తుంది, ఆయాసం వస్తుంది. కాన్పయ్యాక కొందరికి థైరాయిడ్ గ్రంథి వాచి, కొన్నాళ్ళు హార్మోను ఎక్కువగా వస్తుంది. అప్పుడు దడ, వణుకు, నిద్రలేమి అచ్చం ఆందోళనలాగే ఉంటాయి. కాబట్టి రక్తపరీక్ష, థైరాయిడ్ పరీక్ష చేయించాలి. విపరీతమైన తలనొప్పి, కళ్ళు మసకబారడం, ముఖం వాపు ఉంటే అది బీపీ పెరిగిన సూచన కావచ్చు. ఛాతీలో నొప్పితో ఊపిరి ఆడకపోయినా, ఒక కాలు వాచి నొప్పి పుట్టినా ఇంట్లో కూర్చోకండి. 108కి ఫోన్ చేసి వెంటనే ఆసుపత్రికి వెళ్ళండి.

ఇప్పుడు కాన్పు తరవాతి సంగతికి వద్దాం. మా ఓపీకి వచ్చిన ఒక తల్లి గురించి చెబుతాను. ఎవరో తెలియకుండా వివరాలు మార్చాను. రెండో నెల బిడ్డతో, వాళ్ళ అమ్మను తోడు తీసుకుని వచ్చింది. గుండె దడ అని ఈసీజీ తీయించారు, బాగానే ఉంది. రక్తపరీక్షలూ బాగానే ఉన్నాయి. అక్కడి డాక్టరు మా దగ్గరికి పంపారు. ఆ పెద్దావిడ కూతురి గురించి గర్వంగానే చెప్పుకొచ్చింది. ‘మా పిల్ల ఎంత జాగ్రత్తండీ. రాత్రంతా బిడ్డ మీద చెయ్యి తియ్యదు. దీపం ఆర్పనివ్వదు. నేను చూస్తానే అంటే వినదు.’

నేను ఆ అమ్మాయిని అడిగాను: ‘బిడ్డ పడుకున్నాక నీకు నిద్ర పడుతోందామ్మా?’

కాసేపు మాట్లాడలేదు. ఆ తరవాత చెప్పింది. ‘లేదండీ. వీడు కదలకుండా పడుకుంటే నాకు భయం వేస్తుంది. ముక్కు దగ్గర వేలు పెట్టి చూస్తాను. వెచ్చగా తగిలితే పక్కకి ఒరుగుతాను. కళ్ళు మూసుకోగానే, ఇందాక సరిగ్గా చూశానో లేదోనని మళ్ళీ లేస్తాను. ఒక్కోసారి వాడి పాదం గిల్లుతాను. ఏడిస్తే బతికి ఉన్నాడని ధైర్యం.’ పక్కనున్న తల్లి నోట మాట రాలేదు. ఒకే గదిలో, ఒకే చాప మీద, నెలన్నరగా పడుకుంటున్నా కూతురు నిద్రపోవడం లేదని ఆమెకు తెలియలేదు.

శ్రోతలారా, నా ప్రసంగంలో ఇంకేం గుర్తున్నా లేకపోయినా ఆ ఒక్క ప్రశ్న గుర్తుపెట్టుకోండి. బాలింతకు నిద్ర తక్కువ కావడం మామూలే. బిడ్డ రెండు గంటలకోసారి లేచి పాలకు ఏడుస్తుంది కాబట్టి ఏ తల్లికైనా కళ్ళు మండుతూనే ఉంటాయి. కానీ ఎప్పుడు నడుం వాల్చినా ఇట్టే నిద్ర పడుతుంది. బిడ్డ హాయిగా నిద్రపోతున్నప్పుడు, పక్కన ఇంకొకరు కనిపెట్టుకుని ఉన్నప్పుడు కూడా తల్లికి కంటి మీద కునుకు రావడం లేదంటే అది అలసట కాదు, జాగ్రత్త కాదు. అది ఆందోళన అయి ఉండవచ్చు, దిగులు మొదలవుతూ ఉండవచ్చు. ఏదైనా సరే, చూపించుకోవలసిన సంగతే.

ఇంకొకటి ఉంది. తల్లులు భర్తకు కూడా చెప్పుకోలేని విషయం. బిడ్డను కాళ్ళ మీద పడుకోబెట్టుకుని నీళ్ళు పోస్తుంటే, చేతుల్లోంచి జారిపోతే ఏమవుతుందన్న ఆలోచన ఠక్కున వస్తుంది. కత్తిపీట కనబడితే, డాబా మీద పిట్టగోడ దగ్గర నిలబడితే, తన చేత్తో తనే బిడ్డకు ఏదైనా చేసేస్తానేమోనన్న దృశ్యం కళ్ళముందు మెదులుతుంది. ఒళ్ళు జలదరిస్తుంది. ‘నేనేం తల్లిని, నాకిలాంటి ఆలోచనలా’ అని కుమిలిపోతుంది. కత్తిపీట అటక మీద పెట్టిస్తుంది. బిడ్డకు నీళ్ళు పోయడం మానేస్తుంది. చెబితే పిచ్చిదంటారని, బిడ్డను లాగేసుకుంటారని నోరు విప్పదు.

ఇది వింటున్న ఏ తల్లికైనా ఆ అనుభవం ఉంటే, ఈ మాట మీకోసమే. బిడ్డకు ఏదైనా అవుతుందేమోనన్న ఇలాంటి అక్కర్లేని ఆలోచనలు చాలామంది కొత్త తల్లులకు వస్తాయి. తన చేతులతోనే హాని జరుగుతుందేమోనన్న ఆలోచన దాదాపు సగం మందికి ఎప్పుడో ఒకప్పుడు వస్తుందని పరిశోధనల్లో తేలింది. ఆ ఆలోచన రాగానే మీకు భయం, అసహ్యం కలుగుతున్నాయి కదా. అలా చేయాలని మీకు లేదనడానికి అదే రుజువు. అవి మీ కోరికలు కావు, మీరు చెడ్డ తల్లి అనడానికి గుర్తులు కావు. డాక్టరుకు చెప్పండి. మాకు ఇది కొత్త కాదు, దీనికి మంచి వైద్యం ఉంది.

దీనికి పూర్తిగా వేరైన జబ్బు ఒకటి ఉంది, దాన్ని కూడా తెలుసుకోవాలి. ప్రతి వెయ్యి కాన్పులలో ఒకరిద్దరికి, ఎక్కువగా మొదటి రెండు వారాల్లో, మతి చలించే పరిస్థితి వస్తుంది. నిద్ర అవసరమే లేనట్టు తిరగడం, పొంతన లేకుండా మాట్లాడడం, ఎవరో మాట్లాడుతున్నట్టు వినిపిస్తోందనడం, బిడ్డలో దయ్యం ఉందనో దేవుడున్నాడనో గట్టిగా నమ్మడం, కాసేపు ఆనందం, కాసేపు కోపం, అయోమయం. ఇది అత్యవసరం. ఆ రోజే ఆసుపత్రికి తీసుకువెళ్ళాలి. తల్లినీ బిడ్డనూ ఒక్క నిమిషం కూడా ఒంటరిగా వదలకూడదు. అలాగే ఏ తల్లి నోటి వెంట అయినా ‘నేను చచ్చిపోతే బాగుండు’ అన్న మాట వస్తే మందలించకండి. అలాంటి ఆలోచనలు వస్తున్నాయా అని సూటిగా, నెమ్మదిగా అడగండి. అడిగితే లేని ఆలోచన పుట్టుకురాదు. పక్కనే ఉండి, వెంటనే సాయం పిలవండి.

కాన్పయిన మూడో రోజు నుంచి అయిదో రోజు దాకా కారణం లేకుండా ఏడుపు రావడం, చిరాకు పడడం చాలామందిలో ఉంటుంది. హార్మోన్లు ఒక్కసారిగా పడిపోవడం, నిద్ర లేకపోవడం దీనికి కారణాలు. విశ్రాంతి, ఆదరణ ఉంటే రెండు వారాల్లోపు అదే సర్దుకుంటుంది. రెండు వారాలు దాటినా తగ్గకపోతే, లేదా రోజురోజుకూ ముదురుతుంటే, ఆగకూడదు.

ఈ ఆందోళన ఎవరికి ఎక్కువగా వస్తుంది? ఎవరికైనా రావచ్చు. అంతకుముందు గర్భం పోయినవాళ్ళకు, ఏళ్ళ తరబడి పిల్లల కోసం మందులు వాడి, ఐవీఎఫ్ చేయించుకుని గర్భం దాల్చినవాళ్ళకు ప్రతి వారమూ ఒక గండంలా గడుస్తుంది. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డను బాక్సులో పెడితే, అద్దంలోంచి చూస్తూ గడిపిన తల్లికి ఇంటికి వచ్చాక కూడా ఆ భయం వదలదు. పెళ్ళికి ముందే ఆందోళన, దిగులు ఉన్నవాళ్ళకు తిరగబెట్టే అవకాశం ఎక్కువ. తాగి కొట్టే భర్త, తీరని అప్పు, ఈసారైనా మగపిల్లాణ్ణి కనమని పోరు, ఇవన్నీ ఆందోళనకు వేళ్ళు. అలాంటి ఇంట్లో ‘నువ్వు ధైర్యంగా ఉండు’ అని ఆ అమ్మాయికి చెప్పి ఊరుకుంటే లాభం లేదు. మారవలసింది ఆ ఇల్లు.

ఆపరేషన్ సంగతి కూడా చెప్పాలి. ఇందాక చెప్పిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో నూటికి 60 కాన్పులకు పైగా, ఆంధ్రప్రదేశ్‌లో 42 కాన్పులు సిజేరియన్లే. అవసరమైనప్పుడు అది ప్రాణాలు కాపాడుతుంది. కానీ కుట్ల నొప్పితో పక్కకు తిరగలేని తల్లి బిడ్డను ఎత్తుకోలేదు, పాలు పట్టడం ఆలస్యమవుతుంది. సరిగ్గా అప్పుడే చూడవచ్చినవాళ్ళు ‘అయ్యో, పాలు పడలేదా, బిడ్డ చిక్కిపోయాడేమే’ అంటారు. ఆ ఒక్క మాట ఆమెను వారం రోజులు నిద్రపోనివ్వదు. అసలు సంగతి వినండి. పుట్టిన మొదటి మూడు నాలుగు రోజుల్లో బిడ్డ బరువు నూటికి పది వంతుల లోపు తగ్గడం మామూలే. రెండు వారాలకల్లా మళ్ళీ వచ్చేస్తుంది. అయిదో రోజు దాటాక బిడ్డ రోజుకు ఆరేడుసార్లు మూత్రం పోస్తూ, చురుగ్గా ఉంటే పాలు సరిపోతున్నట్టే. చూడవచ్చినవాళ్ళు చేయగలిగిన మేలు ఒకటుంది. బిడ్డను చూసి నాలుగు ముక్కలు అనేసి వెళ్ళకుండా, ఓ గంట బిడ్డను చూసుకుని తల్లిని పడుకోమనడం.

మొదటి కాన్పుకు పుట్టింటికి పంపడం మన ఆచారం. అందులో గొప్ప బలం ఉంది. వేళకు వేడివేడిగా అన్నం పెట్టే చెయ్యి, నూనె రాసి నీళ్ళు పోసే మనిషి, బిడ్డను ఎత్తుకునే పెద్దదిక్కు ఉంటారు. కానీ పథ్యం పేరుతో కూరలు, పప్పు, పళ్ళు, మంచినీళ్ళు కూడా తగ్గించేస్తే పాలిచ్చే తల్లి నీరసించిపోతుంది. నీరసానికి దడ తోడవుతుంది. గది తలుపులూ కిటికీలూ మూసి, నెలల తరబడి మనిషి ముఖం చూడనివ్వకపోతే మనసు ముడుచుకుపోతుంది. కడుపునిండా తిననివ్వండి, దాహమైనప్పుడల్లా తాగనివ్వండి. పొద్దుటి ఎండలో కాసేపు కూర్చోనివ్వండి, పెరట్లో నాలుగు అడుగులు వేయనివ్వండి.

ఇప్పుడు ఆ తల్లి తనకు తాను ఏం చేసుకోవచ్చో చెబుతాను.

దడ మొదలైనప్పుడు నడుం నిటారుగా పెట్టి కూర్చోండి. ముక్కుతో నాలుగు అంకెలు లెక్కపెట్టేంతసేపు గాలి పీల్చండి. పెదవులు సున్నాలా చుట్టి, ఆరు అంకెలు లెక్కపెట్టేంతసేపు మెల్లగా వదలండి. పీల్చేదానికన్నా వదిలేది ఎక్కువసేపు ఉండాలి, కిటుకంతా అందులోనే ఉంది. అలా చేస్తే గుండె వేగం తగ్గుతుంది. అయిదు నిమిషాలు చేయండి. ప్రాణం మీదికి వచ్చినప్పుడే కాకుండా, రోజూ బాగున్నప్పుడు కూడా రెండు పూటలా చేస్తే, అవసరమైనప్పుడు ఒంటికి అలవాటై ఉంటుంది.

చింతలకు ఒక వేళ పెట్టండి. సాయంత్రం ఓ పావుగంట, కాగితం మీద మనసులో ఉన్న భయాలన్నీ రాయండి. ఒక్కొక్కదాని పక్కన, దీని గురించి నేను చేయగలిగింది ఏమైనా ఉందా అని రాసుకోండి. ఉంటే, ‘రేపు డాక్టరును అడగాలి’ అని రాయండి. లేకపోతే గీత కొట్టి కాగితం మడిచిపెట్టండి. అర్ధరాత్రి అదే భయం వస్తే దాని వేళ రేపు సాయంత్రం అని మీకు మీరే చెప్పుకోండి. మొదట్లో పనిచేయనట్టే ఉంటుంది. వారం పది రోజులు పట్టువదలకుండా చేయండి.

రాత్రిపూట లక్షణాల కోసం ఫోన్‌లో వెతకడం మానండి. ఒక భయానికి జవాబు వెతకబోతే పది కొత్త భయాలు దొరుకుతాయి. పదేపదే సరిచూసుకోవడం కూడా అంతే. చూసిన ప్రతిసారీ ఊరట కలుగుతుంది, కానీ ఆ ఊరటే మళ్ళీ చూడమంటుంది. ముక్కు దగ్గర వేలు పెట్టి చూసే ఆ అమ్మాయి చేత మేము మాన్పించింది ఈ అలవాటే. బిడ్డను వెల్లకిలా, గట్టి పరుపు మీద, చుట్టూ దిండ్లూ మెత్తలూ లేకుండా పడుకోబెట్టడం నేర్పాం. ఎందుకంటే అది నిజంగా బిడ్డకు మేలు చేసే జాగ్రత్త. ఆ తరవాత ముక్కు దగ్గర వేలు పెట్టడం మెల్లమెల్లగా తగ్గించమన్నాం. మొదట పావుగంటకోసారి, ఆ తరవాత అరగంటకోసారి, ఆపైన పాలకు లేచినప్పుడు మాత్రమే. మొదటి రాత్రులు కష్టంగా గడిచాయి. రాత్రి తొలిజాము వాళ్ళమ్మ బిడ్డను చూసుకునేలా, ఆ నాలుగైదు గంటలు అమ్మాయి పక్కగదిలో పడుకునేలా ఏర్పాటు చేశాం. నిద్ర పట్టడం మొదలయ్యాక మిగతావి ఒక్కొక్కటే సర్దుకున్నాయి. బాలింత నిద్ర ఇంటిల్లిపాదీ కాపాడవలసిన విషయం, అది ఆమె ఒక్కత్తి వల్ల అయ్యే పని కాదు. కాఫీ, టీ రోజుకు రెండు కప్పులకు మించకుండా చూసుకుంటే నిద్రకూ దడకూ రెండింటికీ మంచిది.

వీటితో తగ్గకపోతే వైద్యం ఉంది. ఆలోచనలను, అలవాట్లను మార్చుకోవడం నేర్పే మాటల వైద్యం మొదటిది. అది ఎంత పనిచేస్తుందో చెప్పడానికి మన పొరుగుదేశం పాకిస్తాన్‌లోని రావల్పిండిలో జరిగిన ఒక అధ్యయనం చెబుతాను. అక్కడి హోలీ ఫ్యామిలీ ఆసుపత్రికి వచ్చిన, ఆందోళన ఉన్న గర్భిణులకు ఆరు విడతలుగా ఈ శిక్షణ ఇచ్చారు. ఇచ్చినవాళ్ళు పెద్ద డాక్టర్లు కారు, సైకాలజీలో డిగ్రీ చదివి, ప్రత్యేక శిక్షణ పొందిన అమ్మాయిలు. కాన్పయిన ఆరు వారాలకు చూస్తే, మామూలు వైద్యం మాత్రమే అందినవాళ్ళలో నూటికి 27 మందికి తీవ్రంగానో ఓ మోస్తరుగానో ఆందోళన ఉంది. శిక్షణ పొందినవాళ్ళలో 9 మందికే ఉంది. దిగులు అయితే మామూలు వైద్యం అందినవాళ్ళలో 41 మందికి, శిక్షణ పొందినవాళ్ళలో 12 మందికే ఉంది. 2024లో ఈ ఫలితాలు వెలువడ్డాయి. మనలాంటి ఇళ్ళు, మనలాంటి కుటుంబాలు, మనలాంటి ఆసుపత్రులు. అక్కడ సాధ్యమైంది ఇక్కడ ఎందుకు సాధ్యం కాదు? మన జిల్లాల్లోనూ గర్భిణుల ఓపీ పక్కనే ఇలాంటి శిక్షణ పొందిన మనిషి ఒకరు కూర్చోవాలన్నది నా గట్టి కోరిక.

ఆందోళన తీవ్రంగా ఉంటే మందులు వాడవలసి వస్తుంది. ‘పాలిచ్చే తల్లి మందులు వాడకూడదు’ అన్న మాట అన్ని మందులకూ వర్తించదు. సెర్ట్రలీన్ వంటివి తల్లిపాలలోకి చాలా కొద్దిగా మాత్రమే చేరతాయి. అవి వాడుతూ పాలివ్వవచ్చు. కొన్ని మందులు గర్భంతో ఉన్నప్పుడు వాడకూడదు, ఉదాహరణకు వాల్‌ప్రోయేట్. అందుకే ఏది మంచిదో, ఎంత మోతాదో డాక్టరే చెప్పాలి. ముందునుంచీ మందులు వాడుతున్నవాళ్ళు నెల తప్పిందని తెలియగానే వాటిని ఒక్కసారిగా ఆపేయకండి. ముందు డాక్టరును కలవండి. మందుల షాపులో అడిగి నిద్రమాత్రలు కొనుక్కోకండి.

ఆసుపత్రిలో చేర్చితే బిడ్డ దూరమవుతుందన్న భయం చాలామందికి ఉంది. బెంగళూరు నిమ్‌హాన్స్‌లో 2009 నుంచి తల్లీబిడ్డలను కలిపి ఉంచి వైద్యం చేసే ప్రత్యేక వార్డు నడుస్తోంది. మన దేశంలో 2017లో వచ్చిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం కూడా, వైద్యం పొందుతున్న తల్లి నుంచి మూడేళ్ళలోపు బిడ్డను మామూలుగా వేరు చేయకూడదని చెబుతోంది. తల్లి వల్ల బిడ్డకు ప్రమాదం ఉన్నప్పుడు మాత్రమే తాత్కాలికంగా దూరంగా ఉంచుతారు. కాబట్టి ఆ భయంతో వైద్యాన్ని వాయిదా వేయకండి.

ఎవరిని అడగాలి? మీ ఊళ్ళో ఆశా కార్యకర్త ఉన్నారు. ఆసుపత్రిలో కాన్పయిన తల్లి ఇంటికి ఆమె మూడో రోజు, ఏడో రోజు, పద్నాలుగో రోజు, ఇరవయ్యొకటో రోజు, ఇరవయ్యెనిమిదో రోజు, నలభైరెండో రోజు రావాలి. బిడ్డను తూకం వేయడానికి వచ్చినప్పుడు మీ మనసులో బాధ ఆమెకు చెప్పండి. ప్రతి నెలా 9వ తేదీన ప్రభుత్వ ఆసుపత్రుల్లో గర్భిణులకు ఉచితంగా పరీక్షలు చేస్తారు, అక్కడి డాక్టరమ్మకు చెప్పండి. జిల్లా ఆసుపత్రిలో, బోధనాసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంటుంది. ఎక్కడికీ కదలలేని స్థితిలో ఉంటే ఫోన్ ఉంది. టెలీ మానస్. కేంద్రప్రభుత్వం 2022 అక్టోబరులో ప్రారంభించిన సేవ ఇది. నంబరు రాసుకోండి. 14416. ఒకటి, నాలుగు, నాలుగు, ఒకటి, ఆరు. ఇరవైనాలుగు గంటలూ ఉచితంగా, తెలుగులోనే మాట్లాడతారు. భర్త అయినా, తల్లి అయినా, అత్త అయినా ఆమె తరఫున ఫోన్ చేయవచ్చు.

పరాయి రాష్ట్రాల్లో, విదేశాల్లో పురుడు పోసుకునే మన ఆడపిల్లలకు ఇంకో ఇబ్బంది ఉంది. వీసా మీద వచ్చిన అమ్మ ఆరు నెలల్లో తిరిగి వెళ్ళిపోతుంది. ఆ తరవాత నాలుగు గోడల మధ్య బిడ్డా తనూ. అక్కడి డాక్టర్లు మనసు గురించిన ప్రశ్నల కాగితం చేతిలో పెడితే, నలుగురూ ఏమనుకుంటారోనని అన్నీ బాగున్నాయని టిక్కు పెట్టకండి. ఉన్నది ఉన్నట్టు రాయండి.

ఇక భర్తలకు రెండు మాటలు. భార్య అదే భయం పదోసారి చెబితే ‘మళ్ళీ మొదలెట్టావా’ అనకండి. ‘భయంగా ఉంది కదా, నేనిక్కడే ఉన్నాను’ అనండి. ఆమెతో పాటు డాక్టరు దగ్గరికి వెళ్ళండి, మీ కంటపడిన సంగతులు మీరు చెప్పండి. రాత్రిపూట బిడ్డకు గుడ్డ మార్చడం, తేనుపు వచ్చేదాకా భుజాన వేసుకోవడం మీరు చేయగలిగిన పనులే. కొత్త తండ్రులకూ ఆందోళన వస్తుంది. అది మీకే వస్తే మీరూ అదే నంబరుకు ఫోన్ చేయండి.

అత్తగార్లకూ అమ్మలకూ ఒక విన్నపం. ‘మేం కనలేదా, మేం పెంచలేదా’ అనే ముందు ఒక్క క్షణం ఆగండి. మీరు కన్నారు, పెంచారు. మీలో చాలామంది ఇదే భయాన్ని ఎవరికీ చెప్పుకోకుండా మింగి బతికారు. మీకు దొరకని ఆసరా మీ కూతురికీ కోడలికీ దొరకనివ్వండి.

ఆశా కార్యకర్తలు, ఏఎన్‌ఎంలు, అంగన్‌వాడీ టీచర్లు ఎవరైనా ఈ ప్రసంగం వింటుంటే, మీ నుంచి కోరేది ఒక్కటే. రేపు మీరు వెళ్ళే మొదటి ఇంట్లో బిడ్డను తూచాక, తల్లిని కాసేపు పక్కకు తీసుకువెళ్ళి ఆమె నిద్ర గురించీ భయాల గురించీ అడగండి. అయిదు నిమిషాలు చాలు. ఆమె చెప్పింది పూర్తిగా వినండి. అవసరమనిపిస్తే పీహెచ్‌సీ డాక్టరుకు చెప్పండి, లేదా మీ ఫోన్ నుంచే 14416కి కలిపి ఆమె చేతికివ్వండి. గర్భంలోనూ కాన్పు తరవాతా వచ్చే ఆందోళన తగ్గే జబ్బు. ఎంత త్వరగా గుర్తిస్తే అంత త్వరగా తగ్గుతుంది.